మా మేనత్త పూడ్చిన గుంట

మంగళవారం పొద్దున డోర్నకల్ స్టేషన్‌లో టికెట్ల కౌంటరు తెరిచి కూర్చున్నానో లేదో, వరంగల్ నుంచి తమ్ముడి ఫోన్ వచ్చింది. "అక్కా, అత్తమ్మ పోయింది" అన్నాడు. "చాయ్ తాపుదామని లేపిన, లేస్తలేదు. ఒళ్లు చల్లబడ్డది." కిటికీ అవతల ఎవరో ఖాజీపేటకు టికెట్ అడుగుతున్నారు. నా నాలుక మాత్రం పై వరుసలో ముందు పన్ను మీదికి పోయి అక్కడే ఆగింది. ఆ పన్ను నాది కాదు, పెట్టించుకున్నది. మనసు కలతపడ్డప్పుడల్లా నాలుక అక్కడికే పోతుంది. చిన్నప్పటి నుంచీ ఇదే అలవాటు.

దసరా వెళ్లిన కొద్దిరోజులకు మా మేనత్త స్నానాల గదిలో కాలు జారి పడి తుంటి విరగ్గొట్టుకుంది. ఈ వయసులో ఆపరేషన్‌కు తట్టుకోదని దవాఖానలో చెప్పి పంపించేశారు. అప్పటి నుంచి మంచమే. నేను ఎక్కడ పడతానో అని ఏళ్ల తరబడి నా వెనకాల తిరిగిన మనిషి పడేటప్పుడు పక్కన ఒక్కరూ లేరు. ఇది తలచుకుంటే నాకు ఏడుపు కన్నా ముందు కోపం వస్తుంది. ఎవరి మీద అంటే చెప్పలేను.

ఆమె మా నాన్నకు అక్క. పెళ్లయిన కొద్దికాలానికే భర్త పోతే పుట్టింటికి తిరిగొచ్చి మగ్గం మీద కూర్చుంది. మాది జంపఖానాలు నేసే వాడ. నాన్నకు నేత అబ్బలేదు, బజారులో బట్టల దుకాణంలో పనికి కుదిరాడు. తాత మగ్గం అత్తమ్మకు దక్కింది. ముందరి గదిలో సగం దానిదే. అది గుంట మగ్గం. నేలలో మోకాళ్లు మునిగేంత గుంట తవ్వి ఉంటుంది. నేసేవాళ్లు గుంట అంచున కూర్చుని, కాళ్లు లోపలికి వదిలి, అడుగున ఉన్న తొక్కుడు చెక్కలను ఒక కాలితో ఒకటి, ఇంకో కాలితో ఇంకొకటి తొక్కుతూ నేస్తారు. ఇంటికి వచ్చిన చుట్టాలు గోడ వెంట ఒదిగి ఒదిగి నడిచి వంటగదిలోకి వచ్చేవారు. మాకు అదేమీ వింత కాదు, మా వాడలో సగం ఇళ్లు అంతే.

నేను ఆమె పక్కనే చాప మీద పెరిగాను. బొటనవేలు నోట్లో పెట్టుకుని మగ్గం చప్పుడు వింటూ నిద్రపోయేదాన్ని. అమ్మ వచ్చి వేలు లాగేయబోతే అత్తమ్మ అడ్డుపడేది. "ఉండనియ్యి. నోట్లె ఏలుంటె ఊకుంటది. నాకు ఇంకో జానెడు నేత దిగుతది" అనేది. ఆమె నవ్వినప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. సిగ్గు అనుకునేవాళ్లం. కొంగు జారినప్పుడు కనబడేది, పై పళ్లు ముందుకొచ్చి ఉండేవి, ఒక దాని మూల విరిగి ఉండేది. నాన్నవీ అలాంటి పళ్లే, ఆయనకు మీసం ఉంది కాబట్టి గడిచిపోయింది. నాకు మీసమూ లేదు, కొంగూ లేదు. బడిలో పెట్టాల్సిన పేర్లన్నీ పెట్టారు.

మొదటిసారి పడ్డది నాకు గుర్తులేదు, చెబితే విన్నదే. ఇంకా బడికి పోని వయసు. తమ్ముణ్ని తరుముతూ వచ్చి గుంటలోకి పడి మగ్గం కర్రకు నోరు కొట్టుకున్నానట. పాలపన్ను నల్లబడి కొన్నాళ్లకు ఊడింది. పాలపన్నే కదా, పోయి మళ్లీ వస్తుంది అనుకున్నారు. అత్తమ్మ దాన్ని గరికపోచతో పేడముద్దలో పెట్టి ఇంటి మీదికి విసిరింది. మాలో ఊడిన పళ్లన్నీ పెంకుల మీదికే పోతాయి, తిన్నగా కొత్తవి వస్తాయని. ఆ విసరడం మా ఇంట్లో అత్తమ్మ పని. ఆమె చెయ్యి గురి తప్పదని పేరు.

రెండోసారి పడ్డది మాత్రం బాగా గుర్తుంది. మూడో తరగతి. బడి నుంచి వచ్చి, సంచి విసిరేసి, వంటగది వైపు ఉరికాను. చాప అంచు కాలికి తట్టింది. అదే గుంట, అదే కర్ర. నోరంతా ఉప్పగా అయింది. అత్తమ్మ నేస్తున్నది వదిలేసి నన్ను ఎత్తుకుంది. చాప మీద పన్ను పడి ఉంది, విరగలేదు, మొత్తానికి ఊడొచ్చింది. దాన్ని వేళ్ల మధ్య పట్టుకుని, "గింత పొడుగున్నదేందే" అంది. అయినా ఆ వయసు పిల్లలకు ఊడేవి పాలపళ్లే అని అందరికీ తెలిసిందే. నా నోట్లో గుడ్డ కుక్కి, వాకిట్లోకి పోయి, పేడ తీసుకుని, పన్నును ఇంటి మీదికి విసిరింది.

మరునాటికి మూతి పొంగింది. అప్పుడు హనుమకొండలో పళ్ల డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయారు, అమ్మా అత్తమ్మా ఇద్దరూ వచ్చారు. డాక్టరమ్మ టార్చి వేసి చూసి అడిగిన మొదటి మాట, "పన్నేది?"

"ఇంటి మీద ఏసిన" అంది అత్తమ్మ.

డాక్టరమ్మ టార్చి ఆర్పింది. తర్వాత మెల్లగానే చెప్పింది. "అది పాలపన్ను గాదమ్మా. ఎప్పటికీ ఉండే పన్ను. ఊడంగనె పాలల్ల ఏసుకొని అర్ధగంటల ఉరికొస్తె మళ్ల అండ్లనే కూసోబెడుదుము. ఇగ దొరికినా పని చెయ్యది." వారం తర్వాత మళ్లీ తీసుకురమ్మంది, మిగతా పళ్లు చూడాలంది. పన్నే లేనప్పుడు చూసేదేముంది అనుకుని మావాళ్లు పోలేదు.

ఆ సాయంత్రం ఇంటికి రాగానే అమ్మ ఒక మాట అంది. అరవలేదు, నాకు నీళ్లు తాగిస్తూ అంది. "నీ మగ్గం నా పిల్ల మొఖం తిన్నది వదినా." అమ్మది నర్సంపేట దగ్గర పత్తి పండించే ఇల్లు. మగ్గం అంటే ఆమెకు మొదటి నుంచీ భయమే, ఇంట్లో గుంట పెట్టుకుని ఎట్ల బతుకుతారని పెళ్లయిన కొత్తలో ఏడ్చిందట. ఆడపిల్ల ముందు పన్ను పోయిందన్న దుఃఖంలో అన్న మాట అది. అత్తమ్మ గడప దాటి బయటికి పోయింది. పక్కింటి నిచ్చెన అడిగి తెచ్చి ఇంటి మీదికి ఎక్కింది. "పెంకులు పలుగుతయ్ వదినా, దిగు, నువ్వు పడ్తవ్" అని అమ్మ కింద నుంచి మొత్తుకుంటూనే ఉంది. ఆమె ఒక్కో పెంకు ఎత్తి కింద చెయ్యి పెట్టి వెతికింది. వెలుతురు పోయాక దిగి వచ్చి నా ముందు అరచెయ్యి తెరిచింది. చిన్న పన్ను, పసుపు రంగుకు తిరిగింది.

"గిది గాదా బిడ్డా?"

అది నాదో తమ్ముడిదో, ఎప్పటి పాలపన్నో. కాదని తల ఊపాను. ఆమె దాన్ని మళ్లీ ఇంటి మీదికి విసరలేదు, ఎక్కడ పెట్టిందో తెలియదు.

ఆ వారంలోనే గుంట పూడ్చేసింది. ఎవరినీ అడగలేదు. వీధి చివర ఎవరో ఇల్లు కట్టుకుంటుంటే పునాదుల మట్టి కుప్పపోసి ఉంది, తట్టతో అదే మోసుకొచ్చింది. మగ్గం మీద సగం దిగిన జంపఖానా ఉంది, ఎర్ర చారల మీద ఆకుపచ్చ అంచుది. కత్తెర తీసుకుని పడుగు దారాలను అడ్డంగా కోసేసింది. తొక్కుడు చెక్కలు బయటికి తీసి, గుంటలో మట్టి పోసి, తానే అందులో నిలబడి కాళ్లతో తొక్కింది. సాయంత్రం నాన్న దుకాణం నుంచి వచ్చి గడపలోనే ఆగిపోయాడు.

"ఇదేంది అక్కా?"

"పోరి ఉరుకుతాంది తమ్మీ. ఉరకనియ్యి" అంది, ఇంకా తొక్కుతూనే.

మగ్గం కర్రలు పక్క వీధిలో నేసేవాళ్లకు పోయాయి. వాడలో వాళ్లు వచ్చి, చావుకు వచ్చినట్టు కాసేపు కూర్చుని, నేలను చూసి పోయారు. పెద్ద రంగుల జంపఖానాలు నేసిన మనిషి ఆ తర్వాత ఇతరుల ఇళ్లలో కండెలకు నూలు చుట్టే పనికి కుదిరింది. అది నేత రాని ముసలివాళ్లకు, చిన్నపిల్లలకు ఇచ్చే పని. బడి నుంచి వస్తూ ఆమె దగ్గర ఆగేదాన్ని. లోపలి గదిలో ఎవరిదో మగ్గం ఆడుతుంటే వాకిట్లో రాట్నం తిప్పుతున్న అత్తమ్మ కాళ్లు నేల మీద వాటంతట అవే కదిలేవి, ఈ కాలు, ఆ కాలు. ఆమెకు తెలియదనుకుంటాను. నేను చెప్పలేదు.

గుంట పోయింది కాబట్టి ఇక భయం లేదని ఇంట్లో అందరూ నమ్మారు. నన్ను భద్రంగా పెంచారు, ఆటలు మాన్పించారు. అయినా ఐదో తరగతిలో, నీళ్ల నల్లా దగ్గరికి ఉరుకుతుంటే ఎదురొచ్చిన పిల్ల తల నా మూతికి తగిలింది. ఆ పిల్లకు ఏమీ కాలేదు. నాకు మిగిలిన ముందు పన్ను సగానికి విరిగింది. ఆయా నన్ను ఇంటికి తెచ్చేసరికి అత్తమ్మ వాకిట్లో ఉంది. నా నోరు చూసింది. తర్వాత తల తిప్పి ముందరి గదిలో పూడ్చిన చోటును చూసింది.

"గుంట లేదు గద బిడ్డా" అంది. "పూడిసిన గద. ఇంకేడ పడ్డవ్?"

ఆమె నోట విన్న మాటల్లో నేను మరిచిపోలేనిది ఇదే. 

ఈసారి విరిగిన ముక్కను ఆమే పాలల్లో వేసి పట్టుకుంది. డాక్టరమ్మ మమ్మల్ని గుర్తుపట్టింది. ముక్కను పక్కన పెట్టి, నన్ను మామూలుగా నోరు మూయమంది. మూశాను అనుకున్నాను. అత్తమ్మ చేతికి అద్దం ఇచ్చి నా ముఖం ముందు పట్టించింది. పై పెదవి పళ్ల మీదికి రాలేదు, సగంలోనే ఆగిపోయింది. డాక్టరమ్మ చిన్న స్కేలు పెట్టి పై పళ్లు కింది వాటికన్నా ఎంత ముందుకు వచ్చాయో చూపించింది.

"పిల్లలన్నంక పడ్తరమ్మా" అంది. "అందరికి పెదవి అడ్డమొస్తది. ఈ పిల్లకు రాదు. ఏడ పడ్డా, ఏం తాకినా ముందుగాల పన్నే తాకుతది. చిన్నగున్నప్పుడె ఒకసారి తాకినోళ్లు మళ్ల మళ్ల నా దగ్గరికే వస్తాంటరు. పండ్లు ఎనుకకు తేకపోతె ఇంకా వస్తరు."

అత్తమ్మ అద్దం దించలేదు. "మరి గుంటది తప్పు లేదా డాక్టరమ్మా?"

"ఏ గుంట?"

అత్తమ్మ అమ్మ వైపు చూసింది. అమ్మ తల వంచుకుని నా జడ సవరిస్తూ కూర్చుంది. చివరికి అమ్మే చెప్పింది, ఇంట్లో మగ్గం గుంట ఉండేదని, పూడ్చేశారని. డాక్టరమ్మ, "గుంటల పడ్డది నిజమే. గుంట లేకున్నా ఏడనో ఓ కాడ పడేది. ఇయ్యాల బడిల పడలేదా?" అంది. ఆ మాటతో ఆమె అత్తమ్మ మీది నింద తీసేసింది. కానీ వెంటనే, అలవాటుగా, ఇంకో ప్రశ్న అడిగింది. "వేలు చప్పరించే అలవాటుండెనా?"

అత్తమ్మ అద్దాన్ని ఒళ్లోకి దించింది. "నేనే ఊకున్న" అంది. "ఊకుంటదని నేనే ఊకున్న." అది ఒక్కటే కాదని, దవడ పుట్టుకతో వస్తుందని, ముక్కు దిబ్బడతో నోరు తెరుచుకుని పడుకునే పిల్లలకూ ఇలా అవుతుందని డాక్టరమ్మ చెబుతూనే ఉంది. చెబుతూ చెబుతూ అత్తమ్మ వైపు పరీక్షగా చూసింది. "నీ కొంగు తియ్యమ్మా జర." అత్తమ్మ తీసింది. అవే పళ్లు, విరిగిన మూల. "నీకెప్పుడు తాకింది?"

"సిన్నగున్నప్పుడు. గా గుంటలనే" అంది అత్తమ్మ. మా ఎవరికీ ఆ సంగతి తెలియదు. కట్టెలు విరుస్తుంటే తగిలిందని చెప్పేది ఇన్నాళ్లూ. ఎవరూ లెక్కపెట్టని దెబ్బ. అప్పుడు ఆమె కోసం ఎవరూ గుంట పూడ్చలేదు.

ఇంటికి వచ్చాక అన్నం తినేటప్పుడు అమ్మ, కంచం వైపే చూస్తూ, "వదినా, గుంట మళ్ల తవ్విపిద్దామా?" అంది. మా అమ్మ క్షమాపణ చెప్పడం ఎరగదు, ఇదే ఆమెకు వచ్చిన పద్ధతి. అత్తమ్మ ముద్ద కలుపుతూ, "పూడిసినంక తవ్వుడేంది" అంది. "పోరి ఇంకా ఉరుకుతాంది గద." అంతే, ఆ విషయం మా ఇంట్లో మళ్లీ ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

నాకు పళ్లకు తీగలు వేయించారు, తర్వాత తీసి పెట్టుకునే పన్ను వచ్చింది. డాక్టరమ్మ ఆటలు మాన్పించవద్దంది, ఆడేటప్పుడు పళ్లకు తొడుగు పెట్టుకోమంది. హైస్కూల్లో ఖోఖోలో చేరాను. అత్తమ్మ ప్రతి ఆటకూ వచ్చేది, చేతిలో మూత గట్టిగా పడే స్టీలు డబ్బా, అందులో పాలు. గ్రౌండు పక్కన గోడనీడన దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. ఒకసారి డ్రిల్లు సారు, "ఏందమ్మా, పిల్లకు పాలు తాపెతందుకు వచ్చినవా?" అని ఎగతాళి చేశాడు.

"పిల్లకు గాదు సార్, దాని పంటికి" అంది, నవ్వకుండా.

ఆట చూసేది కాదు, నా కాళ్లు చూసేది. నాకు తల కొట్టేసినట్టుండేది, నా తోటివాళ్లు మా అత్తమ్మను పాల కేంద్రం అనేవాళ్లు. ఆట అయిపోయాక ఎండకు సగం విరిగిన ఆ పాలతోనే చాయ్ పెట్టేది, అందరం తాగాలి. ఆ డబ్బా ఒక్కసారి కూడా అక్కరకు రాలేదు. "ఉరుకుడు నీ పని, సూసుడు నా పని" అనేది. తొడుగు నోట్లో పెట్టుకోనని మొండికేస్తే, "పన్ను పోయినంక ఏడిస్తె పన్ను ఇనది. ముందుగాల ఏడ్వు, నేను ఇంట" అనేది.

పూడ్చిన మట్టి ఏటా వానలకు కొంచెం కొంచెం కుంగేది. నాన్న దాని మీద షాబాదు బండలు పరిపించాడు, అవీ కుంగాయి. అత్తమ్మ ప్రతి ఏడూ ఒక బండ లేపించి, తట్టెడు మట్టి పోసి, చేత్తో అదిమి, మళ్లీ పెట్టించేది. మా తమ్ముడి పెళ్లయి పాప పుట్టాక ఇంకా పట్టింపుగా చేసేది. ఈ ఏడు వానలకు కూడా చేద్దామంది, మోకాళ్లు సహకరించలేదు. దసరా అయ్యాక చూద్దామన్నారు.

ఆమె మంచంలో ఉండగా చివరిసారి చూడడానికి పోయాను. మాట బాగా తగ్గింది. ముందరి గదిలో తమ్ముడి కూతురి పట్టీల చప్పుడు వినబడుతోంది.

"ఉరుకుతాందా?" అంది.

"ఉరుకుతాంది అత్తమ్మా."

"నోరు మూసుకొని పంటాందా?"

నాకు తెలియదు. తమ్ముణ్ని అడిగితే, తెరుచుకునే పడుకుంటుందన్నాడు. అత్తమ్మ కళ్లు మూసుకుంది, నిద్రపోయిందనుకున్నాను. కొంతసేపటికి అంది, "పడ్డంక గాదు. పడకముందే తీస్కపోండ్రి." నేను ఆమె నుంచి విన్న చివరి మాట ఇది. పాపను హనుమకొండ తీసుకుపోయే పని నేను పెట్టుకున్నాను, కర్మకాండ అయిన వెంటనే.

ఆమెను ముందరి గదిలోనే పడుకోబెట్టారు. ఇరుకు గది, పాడె పట్టాలంటే ఆ బండల మీద తప్ప చోటు లేదు. ఎవరూ కావాలని చేసింది కాదు. కొంగు నోటి మీద నుంచి తీసేశారు. పై పెదవి పళ్ల మీద సగంలోనే ఆగి ఉంది, విరిగిన మూల కనబడుతోంది. ఆ పెదవిని మూయాలని ఒకరిద్దరు ప్రయత్నించారు. నేను వద్దన్నాను.

కర్మ అయిన మరునాడు ఇల్లంతా కడిగాం. నేను నీళ్లు పోస్తుంటే అమ్మ చీపురుతో తోస్తోంది. నీళ్లు గడప దాటి వాకిట్లోకి పోయాయి. కుంగిన బండల దగ్గర మాత్రం నిలిచాయి, సరిగ్గా గుంట ఉన్నంత మేర, నాలుగు పలకలుగా. అమ్మ తోసింది, పోలేదు. ఇంకోసారి తోసింది. తర్వాత చీపురు పక్కన పెట్టి, చీర కుచ్చిళ్లు పైకి తీసుకుని, ఆ అంచున కూర్చుంది. కాళ్లు నీళ్లలో పెట్టింది. పాడె కింద పరిచిన గడ్డి పోచ ఒకటి ఆమె కాళ్ల మధ్య తేలుతోంది. మా అమ్మకు నేత రాదు. చాలాసేపు అలాగే కూర్చుంది, నేను బిందె దించి ఆగిపోయాను. లోపలి నుంచి పాప ఉరికొచ్చి ఆ నీళ్లలోంచి చప్పుడు చేసుకుంటూ వాకిట్లోకి పోయింది. అమ్మ చెయ్యి దాని వెనకాల గాలిలో చాచినది చాచినట్టే ఉండిపోయింది.